నీళ్ల మీదికి వెళ్తే డ్రోన్ ఎత్తు తప్పుతోంది

ప్రశ్న: మంచిర్యాల గోదావరి ఒడ్డున ఇసుక మీద డ్రోన్ కదలకుండా నిలుస్తోంది. నీళ్ల మీదికి పోగానే కిందికి జారుతోంది, మళ్లీ లేస్తోంది. మోటారు పోయిందా సార్?

జవాబు: మోటారు తప్పు కాదండీ. తక్కువ ఎత్తులో డ్రోన్ అడుగున ఉండే కెమెరా, సెన్సర్లు నేలను చూసి ఎత్తు పట్టుకుంటాయి. మెరుస్తూ కదిలే నీళ్లు వాటిని తికమక పెడతాయి. ముందు ఆ అద్దాల మీది ఇసుక దుమ్మును మెత్తటి గుడ్డతో తుడవండి. నీళ్ల మీద పది మీటర్లకు తగ్గకుండా ఎగరేయండి. ఆ ఎత్తులో పని ప్రధానంగా గాలి పీడనంతో ఎత్తు పట్టే బారోమీటరుది. మీటరు ఎత్తుకు గాలి పీడనంలో తేడా సుమారు 0.12 మిల్లీబార్లే, అందుకే ఈదురుగాలికి అదీ తడబడుతుంది. గాలి లేని పొద్దున ఇసుక మీద కూడా ఊగితే రెక్కలు మార్చి, చదునైన బల్లపై ఐఎంయూ (కదలికను కొలిచే సెన్సర్) కాలిబ్రేషన్ చేయండి. అప్పటిదాకా నది మీదికి మాత్రం పంపకండి.