పెద్దల సేవ: గోడలకు ముందు చేతులు కావాలి



దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో తల్లిదండ్రుల వృద్ధాప్యం గురించి ప్రత్యేకమైన ఆజ్ఞ ఉంది. వారి ఎదుట విసుగు మాట కూడా నోట రాకూడదన్న ఆ బోధను జుమా ప్రసంగాల్లోనూ ఇజ్తెమాల్లోనూ ఎన్నోసార్లు విన్నాం. అయితే మంచాన పడిన మనిషిని పక్కకు ఎవరు తిప్పాలి, రాత్రి రెండు గంటలకు ఎవరు లేవాలి, ఆ పని చేసే మనిషికి జీతం ఏ నిధి నుంచి ఇవ్వాలి? ఈ ప్రశ్నలు మన సంఘాల సమావేశాల్లో అరుదుగా వస్తాయి. ఈ వ్యాసం వాటి గురించే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 10.4 కోట్ల మంది. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022 నాటికి వారి సంఖ్య 14.9 కోట్లకు చేరింది. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు 60 దాటినవారే ఉంటారని అదే నివేదిక అంచనా. మన మొహల్లాల్లోనూ ఈ మార్పు కనిపిస్తూనే ఉంది. కుటుంబాలు చిన్నవయ్యాయి, పిల్లలు దూరమయ్యారు, పెద్దల ఆయుష్షు పెరిగింది.

ఒక ఇంటి సంగతి

కడపలో ఒక ఇల్లు ఊహించుకుందాం. 78 ఏళ్ల అమ్మీ ఒంటరిగా ఉంటారు. కొడుకు కువైట్‌లో, కూతురు బెంగళూరులో. కొడుకు ప్రతి నెలా డబ్బు పంపుతాడు, రోజూ ఫోన్ చేస్తాడు. ఒక రోజు ఫజర్‌కు వుజూ చేయబోయి అమ్మీ స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ జరిగింది, పది రోజులకు ఇంటికి వచ్చారు.

అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. లేపి కూర్చోబెట్టాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు మీద పడక పుండ్లు వస్తాయి. మరుగుదొడ్డికి తీసుకెళ్లాలి, మందులు వేళకు ఇవ్వాలి, మెల్లగా నడిపించాలి. కూతురు వారం రోజులు సెలవు పెట్టి ఉండగలదు, రెండు నెలలు ఉండలేదు. పక్కింటి ఖాలా గంజి పంపగలరు, రాత్రంతా మేలుకోలేరు. ఈ ఇంట్లో డబ్బుకు కొదవ లేదు, ప్రేమకూ కొదవ లేదు. లేనిది నేర్పు ఉన్న రెండు చేతులు. డబ్బు కూడా లేని ఇంటి సంగతి చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వం ఇచ్చేది ఎంతవరకు?

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనడం న్యాయం కాదు. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15,000. తెలంగాణలో ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. వీటిలో కేంద్రం వాటా మాత్రం 60 నుంచి 79 ఏళ్ల వారికి 200, ఆపైన 500 రూపాయలే.

లోటు ఎక్కడంటే, కార్డు ఆసుపత్రిలో చేరిన రోగానికి పనికొస్తుంది. ఇంటికి వచ్చాక కావలసిన ఆయాకు, డైపర్లకు, గాలి పరుపుకు పనికిరాదు. పింఛను తిండికీ మందులకూ సరిపోతే అదే పదివేలు. ఆసుపత్రి గడపకూ ఇంటి గడపకూ మధ్య ఉన్న ఈ ఖాళీని ఏ పథకమూ పూర్తిగా పూడ్చడం లేదు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 19వ సెక్షన్‌లో ప్రతి జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద పెద్దలకు చోటు అని ఉంది. కానీ అక్కడి మాట ప్రభుత్వం ‘ఏర్పాటు చేయవచ్చు’ అనే గానీ ‘చేసి తీరాలి’ అని కాదు. ఆ ఒక్క మాట తేడాతో భారం స్వచ్ఛంద సంస్థల మీద పడింది. కేంద్ర ప్రభుత్వ అటల్ వయో అభ్యుదయ్ యోజన కింద 25 మంది నిరుపేద వృద్ధులుండే ఆశ్రమాలకు గ్రాంటు ఉంది. దానికి రిజిస్ట్రేషన్, ఆడిట్ లెక్కలు, తనిఖీ నివేదిక అన్నీ సక్రమంగా ఉండాలి. కాగితాలు కదిలేదాకా వంటగది ఆగదు. కాబట్టి గ్రాంటును నమ్ముకుని సేవ మొదలుపెట్టే సంఘం కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి.

ఒక్క డ్యూటీకి నలుగురు

వృద్ధాశ్రమం అనగానే మన దృష్టి స్థలం మీదికీ భవనం మీదికీ పోతుంది. దాతలు కూడా గదికి, బోరుకు, వాటర్ ట్యాంకుకు సంతోషంగా ఇస్తారు. గోడ మీద పేరు ఉంటుంది, పెద్దల ఆత్మకు సవాబ్ చేరుతుందన్న సంకల్పం ఉంటుంది. అది మంచిదే. కానీ ఈ చిన్న లెక్క చూడండి.

వారానికి 168 గంటలు. ఒక మనిషి చేత న్యాయంగా చేయించుకోగల పని 48 గంటలు. అంటే రాత్రింబవళ్లు ఒక్క మనిషి పెద్దల దగ్గర ఉండాలంటే మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు కలిపితే నలుగురు. ఒక్కొక్కరికి నెలకు 12,000 రూపాయలు అనుకుంటే నెలకు 48,000, ఏడాదికి 5,76,000 రూపాయలు. ఆడవారికి ఆడవారే, మగవారికి మగవారే సేవ చేయాలన్న మన పద్ధతి పాటిస్తే ఇది రెట్టింపు, 11,52,000. ఇందులో అద్దె లేదు, బియ్యం లేదు, మందులు లేవు.

ఈ లెక్క వేయని సంస్థలు చివరికి ఒకే ఆయా చేత పగలూ రాత్రీ పని చేయిస్తాయి. ఆమె ఆరు నెలలకు వెళ్లిపోతుంది. అలసిన మనిషి విసుక్కుంటుంది. మన పెద్దలకు విసుగు మాట వినిపించకూడదంటే ముందు వారికి సేవ చేసే మనిషికి నిద్ర దొరకాలి. కూలివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న దైవప్రవక్త (స) బోధ ఈ సందర్భంలో మన సంఘాలకే వర్తిస్తుంది.

జకాత్ ఏ ఖర్చుకు?

మన సంఘాలకు వచ్చే సొమ్ములో పెద్ద భాగం రంజాన్‌లో, జకాత్ రూపంలో వస్తుంది. ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, సొమ్ము ఒక నెలలో వస్తుంది, జీతాలు పన్నెండు నెలలూ ఇవ్వాలి. రెండోది ధార్మికమైనది. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ అర్హుడైన పేదవాడి సొంతం కావాలి. దీన్నే తమ్లీక్ అంటారు. అందువల్ల భవన నిర్మాణానికి, అద్దెకు, సిబ్బంది జీతాలకు జకాత్‌ను నేరుగా వాడకూడదని ఉలమాలు చెబుతారు. సయ్యద్ కుటుంబాల్లోని పేద పెద్దలకు జకాత్ ఇవ్వకూడదు. సొంత తల్లిదండ్రులకు ఇచ్చినది జకాత్‌గా చెల్లదు, ఎందుకంటే వారి పోషణ పిల్లల బాధ్యతే.

అంటే పెద్దల సేవలో అత్యంత ఖరీదైన భాగమైన జీతాలకే మన దగ్గర అత్యంత సమృద్ధిగా ఉన్న నిధి పనికిరాదు. దీనికి దారులు లేకపోలేదు. నిరుపేద పెద్దల చేతికి జకాత్ ఇచ్చి, వారు తమ ఇష్టంతో తమ మందులకూ భోజనానికీ ఖర్చు పెట్టుకునే ఏర్పాటు ఒకటి. వివరాలు స్థానిక ముఫ్తీ సాహెబ్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. జీతాలకు సదఖా, ఇమ్దాద్ నిధి విడిగా ఉండాలి. దాత రంజాన్‌లో ఒక్కసారి 6,000 ఇచ్చే బదులు నెలకు 500 చొప్పున ఇస్తే ఆ నిధి నిలకడగా ఉంటుంది. వంద మంది అలా ఇస్తే నెలకు 50,000. అంటే పైన చెప్పిన నలుగురి జీతం. పూర్వం మన పెద్దలు దుకాణాలు వక్ఫ్ చేసి వాటి అద్దెతో సేవలు నడిపించింది ఇందుకే. రాబడి నెలనెలా రావాలి. ముస్లిమేతర పెద్దలకు సేవ చేయడానికీ సదఖా నిధి తోడ్పడుతుంది, ఆపదలో ఉన్న పొరుగువారిని మతం అడిగి ఆదుకోము కదా.

గల్ఫ్ నుంచి వచ్చే విరాళాలు

కువైట్, సౌదీ, దుబాయ్‌లలో ఉన్న మన సోదరులు సహాయం చేయడానికి ముందుంటారు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అయితే వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. దానికి సంఘానికి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. కాబట్టి విరాళం తీసుకునే ముందే దాత పాస్‌పోర్టు నకలు తీసి ఫైలులో ఉంచండి. అలాగే 80జీ ఉన్న సంఘాలకు 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే దాతకు పన్ను మినహాయింపు రాదు. ఈ విషయం రసీదు పుస్తకం మీదే అచ్చు వేయించడం మంచిది.

చట్టాన్ని వాడుకుందాం

2007 చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. పిల్లలు పట్టించుకోని తల్లిదండ్రులు ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించే అధికారం దానికి ఉంది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలన్నది నిబంధన. పిల్లలు లేనివారు తమ ఆస్తి పొందే బంధువుపై అడగవచ్చు. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, తాను వెళ్లలేని వృద్ధురాలి అనుమతితో రిజిస్టరైన సంఘం ఆమె తరఫున దరఖాస్తు చేయవచ్చు.

ఆస్తి విషయంలో జాగ్రత్త అవసరం. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారనే షరతుతో రాసిచ్చిన ఆస్తిని, వారు చూసుకోకపోతే రద్దు చేయమని అడగవచ్చు. ఆ షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఈ చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేలా ఉదారంగా అర్థం చేసుకోవాలని 2025 జనవరిలో మరో తీర్పులో చెప్పింది. హిబాలో ఆస్తి స్వాధీనం చేయడం తప్పనిసరి కాబట్టి, ఒక్కసారి ఇచ్చేశాక తిరిగి పొందడం కష్టం. పెద్దలు బతికుండగా ఉన్న ఒక్క ఇల్లు రాసిచ్చే ముందు ధార్మిక పండితుడినీ న్యాయవాదినీ ఇద్దరినీ అడిగేలా మనం చెప్పాలి. వేధింపు, నిరాదరణ ఎదురైతే 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎవరూ లేని పెద్దలకు ఆశ్రమం తప్పదు. కానీ మన మొహల్లాల్లో ఎక్కువమందికి ఇల్లు ఉంది, ఆ ఇంట్లో మనిషి లేదు. శిక్షణ పొందిన ఒక ఆయా రోజుకు నాలుగు ఇళ్లకు వెళ్లి స్నానం చేయించి, పుండ్లు చూసి, మందుల డబ్బా సర్ది రాగలదు. ఆశ్రమంలో ఒక్క డ్యూటీని నిలబెట్టే నలుగురి జీతంతో పదహారు ఇళ్లకు సేవ అందుతుంది. పెద్దలు తమ ముసల్లా, తమ మస్జిద్ అజాన్, తమ ఇరుగుపొరుగు మధ్యే ఉంటారు. రాత్రి కాపలాను ఇది తీర్చదు. దాన్ని బంధువులు, మొహల్లా యువకులు వంతులవారీగా పంచుకోవాలి.

మొదటి ఏడాదికి ఈ ఐదు పనులు చాలు:

1. మస్జిద్ పరిధిలో 70 దాటినవారి జాబితా. ఎవరు ఒంటరిగా ఉన్నారు, ఎవరు మంచాన ఉన్నారు, వయ వందన కార్డు, పింఛను ఉన్నాయా లేవా అన్నది రాయాలి.

2. మొహల్లాలోని ఇద్దరు స్త్రీలకు, ఇద్దరు పురుషులకు వృద్ధుల సంరక్షణలో శిక్షణ, నెల జీతం, వారానికి ఒక సెలవు.

3. జకాత్, సదఖా, జీతాల నిధి మూడు వేర్వేరు ఖాతాలు. ఏటా ఆడిట్.

4. ప్రతి ఇంట్లో మందుల రిజిస్టరు. షుగర్ ఉన్న పెద్దలకు రంజాన్‌కు నెల ముందే డాక్టరు సలహా. ఉపవాసం ఉండలేని వారికి ఫిద్యా గురించి సున్నితంగా వివరణ.

5. స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ, జారని చాప, రాత్రి దీపం.

ఐదోది చిన్న పనిలా కనిపిస్తుంది. కడప అమ్మీ ఇంట్లో ఆ కడ్డీ ఉండి ఉంటే ఆ ఫజర్ నమాజు ఆగేది కాదేమో.

భవనం కట్టాలనుకునే దాతలకు మన విన్నపం ఒక్కటే. కట్టండి, అయితే దానితోపాటు కనీసం మూడేళ్ల జీతాల నిధి కూడా సంకల్పించండి. గోడ మీద పేరు కొన్నేళ్లకు వెలిసిపోతుంది. రాత్రి రెండు గంటలకు ఒక ముసలి తల్లిని మెల్లగా పక్కకు తిప్పిన చేతి ప్రతిఫలం అల్లాహ్ దగ్గర భద్రంగా ఉంటుంది.

మన పెద్దలకు ఆఫియత్‌ను, వారి సేవ చేసేవారికి ఓర్పును, మన సంపాదనలో బర్కత్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.