గోధుమ మానేస్తే మేలా?

నౌపడ పాఠకురాలి ప్రశ్న: జబ్బేమీ లేదు, ఊరికే గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లోని ప్రొటీన్) మానేసి చూడొచ్చా?

చూడొచ్చు. మీ ఊళ్లో అదేమంత కష్టం? అన్నంలో, చోడి అంబలిలో, పెసరట్టులో గ్లూటెన్ ఉండనే ఉండదు. మానాల్సింది రాత్రి చపాతీ, బొంబాయి రవ్వ ఉప్మా, మైదా, బార్లీ మాల్టు. దొంగచాటుగా దూరేది ఇంగువ! డబ్బా ఇంగువలో తరచు గోధుమపిండి కలుస్తుంది, లేబుల్ చదవాలి.

కడుపుబ్బరం, విరేచనాలు, తగ్గని రక్తహీనత ఉంటే మాత్రం గోధుమ తింటుండగానే సీలియాక్ (గ్లూటెన్ పడని జబ్బు) రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేశాక చేయిస్తే యాంటీబాడీలు తగ్గి, జబ్బున్నా లేనట్టు రిపోర్టు రావచ్చు.

బరువు తగ్గుతుందన్న ఆశ అనవసరం. చపాతీ స్థానంలో అన్నం పెరిగితే తూకం ముల్లు కదలదు. ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్ల కన్నా చోడిపిండే నయం: 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం.