పాత ఆంప్లిఫైయర్‌లో "హమ్" సౌండ్ వస్తోందా? పార్టులు మార్చే ముందు ఈ టెస్టులు చేయండి

ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు, మా ఇంట్లో పాత ఆంప్లిఫైయర్ కథ. మాది జహీరాబాద్ దగ్గర కోహీర్. జామకాయలు తిన్నవాళ్లకు ఊరి పేరు తెలిసే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తూ వీకెండ్‌లో ఇంటికి వెళ్తుంటా.

మా నాన్న కొన్న క్యాసెట్ డెక్, ఆంప్లిఫైయర్ సెట్టు ఇంకా ఇంట్లోనే ఉంది. మాచనూర్ నుంచి 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియో (90.4 ఎఫ్ఎం) కూడా దాంట్లోనే వినేవాళ్లం. అసలు విషయం ఒక క్యాసెట్. మా నానమ్మ బతుకమ్మ పాటలు పాడుతుంటే నాన్న రికార్డు చేశారు. నానమ్మ ఇప్పుడు లేదు, ఆమె గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిద్దామని కూర్చుంటే పాట కంటే "మ్‌మ్‌మ్" అనే సౌండే ఎక్కువ వచ్చింది. రిపేరు షాపులో చూపిస్తే, "ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, కొత్తది కొనుక్కో" అన్నారు. నిజానికి ట్రాన్స్‌ఫార్మర్ పోలేదు.

టెస్ట్ 1: ఏ సోర్స్‌లో వస్తోంది?

ఆంప్లిఫైయర్ వెనక ఉన్న వైర్లన్నీ పీకేయండి, స్పీకర్లు మాత్రం ఉంచండి. తర్వాత ఒక్కోటి పెట్టుకుంటూ వినండి. ఏ వైరు పెట్టగానే సౌండ్ మొదలైందో సమస్య అటువైపు ఉన్నట్టు. ఏదీ పెట్టకపోయినా వస్తుంటే సమస్య ఆంప్లిఫైయర్ లోపలే. కోడింగ్‌లో బగ్ పట్టడానికి ఒక్కో మాడ్యూల్ ఆపి చూస్తాం కదా, ఇదీ అంతే.

టెస్ట్ 2: వాల్యూమ్ సున్నా చేయండి

వాల్యూమ్‌తో పాటు హమ్ పెరిగి తగ్గితే, అది వాల్యూమ్ నాబ్ కంటే ముందే సిగ్నల్‌లో కలుస్తోంది. సున్నాలో కూడా అలాగే ఉంటే పవర్ సప్లై మీద అనుమానపడాలి.

మా సెట్టులో రెండూ ఉన్నాయి! సున్నాలో చిన్న హమ్, ల్యాప్‌టాప్ కలపగానే పెద్ద హమ్. అంటే రెండు వేరు వేరు రోగాలు. షాపులో తికమక పడింది ఇక్కడే అనుకుంటా.

టెస్ట్ 3: 50 లేక 100?

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పాటలేమీ పెట్టకుండా పది సెకన్లు రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో "ప్లాట్ స్పెక్ట్రమ్" చూడండి. గీత 50 దగ్గర ఎత్తుగా ఉంటే వైరింగ్ నుంచో, ఎర్త్ నుంచో వస్తుండొచ్చు. 100 దగ్గర ఎత్తుగా ఉంటే ఫిల్టర్ కెపాసిటర్ల వైపు చూడాలి. ఎందుకంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ ప్రతి సైకిల్‌లోని రెండు సగాలనూ వాడుతుంది, అందుకే 50 కాస్తా 100 అవుతుంది. రెండూ కలిసి కూడా రావచ్చు కాబట్టి దీన్ని మొదటి రెండు టెస్టులతో కలిపే చూడండి.

నేను చేసిన తప్పు

పెద్ద హమ్‌కు కారణం గ్రౌండ్ లూప్. ఆంప్లిఫైయర్‌కు మూడు పిన్నుల ప్లగ్ ఉంది, ల్యాప్‌టాప్ చార్జర్‌కూ ఉంది. రెండింటి ఎర్త్‌లు గోడలో కలుస్తాయి, ఆడియో వైరు షీల్డ్ ద్వారా మళ్లీ కలుస్తాయి. అలా ఒక రింగ్ తయారవుతుంది. అందులో పారే చిన్న కరెంటే మనకు హమ్‌గా వినిపిస్తుంది.

ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందని ఒక వీడియోలో చూసి, ఆంప్లిఫైయర్‌కు రెండు పిన్నుల అడాప్టర్ పెట్టా. హమ్ టక్కున ఆగింది. పండగ చేసుకున్నా. మరుసటి రోజు పొద్దున అమ్మ తడి చేత్తో దుమ్ము తుడుస్తూ, "అరేయ్, డబ్బా ముడితే జిల్లుమంటుందిరా!" అంది. నా గుండె ఆగినంత పనైంది.

జరిగిందేంటంటే, పాత ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కొంచెం కరెంటు లోహపు బాడీలోకి లీకవుతోంది. ఇన్నాళ్లూ అది ఎర్త్ ద్వారా భూమిలోకి పోయేది. నేను ఆ దారి మూసేశా, దానికి అమ్మ చెయ్యి దారి అయింది. ఇన్సులేషన్ పూర్తిగా పోయి ఉంటే ప్రాణమే పోయేది. హమ్ కోసం ఎర్త్ పిన్ను ఎప్పుడూ తీయకండి.

సరైన పరిష్కారాలు

* గ్రౌండ్ లూప్: ముందుగా ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. నాకు ఇదే సరిపోయింది, పైసా ఖర్చు లేదు. ఎప్పుడూ చార్జింగ్‌లో ఉంచాల్సి వస్తే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టినా కొంత తగ్గుతుంది.
* 100 హెర్ట్జ్ హమ్: ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఏళ్లు గడిచేకొద్దీ లోపల ఎండిపోతాయి. ప్లగ్ తీశాక కూడా వాటిలో చార్జ్ ఉంటుంది, అలవాటు లేకపోతే బాక్స్ తెరవకండి. నేను కోఠి గుజరాతీ గల్లీలో పార్టులు కొని, తెలిసిన మెకానిక్‌తో వేయించా. మైక్రోఫారడ్ విలువ పాతదే ఉండాలి, వోల్టేజ్ అంతే లేదా ఎక్కువ ఉండాలి, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. ఎలాగూ బాక్స్ తెరిచాం కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ లీకేజీ కూడా చెక్ చేయించా. ఎర్త్ ఉంటే వాడొచ్చన్నారు. ఇంటి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించా.
* నాబ్ తిప్పితే గరగర: లోపల దుమ్ము చేరింది. ప్లగ్ తీసి, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పండి. కొబ్బరి నూనె మాత్రం వద్దు, దుమ్ము ఇంకా అంటుకుంటుంది.
* ఉన్నట్టుండి "టిర్‌ర్‌ర్ టిక్ టిక్": ఇది మీ ఫోన్! 2జీ ఫోన్ సెకనుకు దాదాపు 217 సార్లు ముక్కలు ముక్కలుగా సిగ్నల్ పంపుతుంది, ఆంప్లిఫైయర్ దాన్ని పట్టుకుంటుంది. ఫోన్ దూరంగా పెడితే చాలు.
* "స్‌స్‌స్" మనే హిస్: క్యాసెట్‌లో ఇది సహజం, పూర్తిగా పోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో హెడ్ తుడిస్తే పాట స్పష్టంగా వినిపిస్తుంది.

చివరగా ఒక మాట. ఆడాసిటీలో "నాయిస్ రిడక్షన్" ఉంది కదా, దాంతోనే కానిచ్చేద్దాం అనుకోకండి. నేను ముందు అదే చేశా. హమ్‌తో పాటు నానమ్మ గొంతులోని బరువు కూడా పోయి, డబ్బాలోంచి మాట్లాడినట్టు వచ్చింది. మూలం దగ్గర సౌండ్ ఆపాకే, మిగిలిన హిస్‌కు మాత్రం కొంచెం వాడండి.

పోయిన ఆదివారం చార్జర్ పీకి, అడాప్టర్ చెత్తబుట్టలో వేసి, మూడు పిన్నులతో ఆన్ చేశా. క్యాసెట్ మొత్తం ఎక్కింది. మధ్యలో నానమ్మ పాట ఆపి, "రికార్డు అయితుందా బిడ్డా?" అని నాన్నను అడగడం వినిపించింది. హమ్ కింద ఆ మాట ఉందని ఇన్నాళ్లూ మాకెవరికీ తెలియదు.