హృద్రోగికి వ్యాయామము – రక్తనాళముల అస్తరు

గుండెపోటు వచ్చి కోలుకొన్న పెద్దవారిని మన యిండ్లలో ఎట్లు చూచుకొందుమో విద్యార్థులు ఎరుగనిది కాదు. మంచినీళ్ల చెంబు సైతము మంచము కడకే అందింతురు. నాలుగడుగులు వేయబోయిన చేయి పట్టి కూర్చుండబెట్టుదురు. ఇది ప్రేమయే. అయితే ఈ ప్రేమ రోగికి మేలు చేయుచున్నదా యను విషయమును మేము ఈ వ్యాసమున విచారింపదలచినాము.

విశ్రాంతియే ఔషధమను నమ్మకమును మనకు నేర్పినవారు వైద్యులే. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున గుండెపోటు రోగిని వారముల తరబడి మంచము దిగనీయకుండిరి. 1952లో బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అట్టి రోగులను కుర్చీలో కూర్చుండబెట్టుటయే సాహసముగా తోచినది. వింత యేమనగా, గుండెనొప్పిని విశదముగా వర్ణించిన ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్, దినమున కరగంట కట్టెలు కోసి దాదాపు స్వస్థుడైన యొకనిని గూర్చి ఎన్నడో వ్రాసియుండెను. ఆ గ్రంథము 1802లోనే వెలువడినది!

వ్యాయామము గుండెకు బలమిచ్చునని చెప్పి ఊరకొనుట చాలదు. దర్జీ షేర్వాణీకి లోపల వేయు అస్తరు వలె, ప్రతి రక్తనాళమునకును లోపల ఒకే కణము మందము గల పొర కలదు. దీనిని ఎండోథీలియము అందురు. చిరకాలము దీనిని వట్టి అస్తరుగానే తలచిరి. 1980లో న్యూయార్కులో రాబర్ట్ ఫర్చ్‌గాట్, జాన్ జవాద్స్కీ కుందేలు బృహద్ధమని ముక్కలపై చేసిన ప్రయోగము ఈ భావమును మార్చినది. ఎసిటైల్ కోలిన్ అను ద్రవ్యము తగిలినంతనే పొర చెడని ముక్క సడలినది. పొర రాచుకొనిపోయిన ముక్క సడలలేదు. సడలుమను ఆజ్ఞ ఆ పొర నుండియే వచ్చుచున్నదన్నమాట. ఆజ్ఞను మోయునది నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువని తరువాత తేలినది. 1998లో ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు దీనికై నోబెల్ బహుమానము లభించినది.

నడచునపుడు రక్తము వేగముగా ఈ పొరను ఒరసికొని పారును. ఆ ఒరపిడి వలన నైట్రిక్ ఆక్సైడ్ హెచ్చుగా పుట్టి నాళము విచ్చుకొనును. పొగత్రాగుట, మధుమేహము, రక్తపోటు మున్నగువాని వలన చెడిన పొర ఈ పని మరచును. సడలవలసిన నాళము ముడుచుకొనును. మంచము పట్టిన రోగికి ఆ ఒరపిడియు కరవగును.

జర్మనీలోని లైప్జిగ్ నగరమున రైనర్ హాంబ్రెక్ట్ బృందము దీనిని రోగులయందే పరీక్షించినది. నాలుగు వారముల వ్యాయామముతోనే హృదయధమనులు ముడుచుకొను దోషము సగమునకు పైగా తగ్గినదని 2000లో ప్రకటించిరి. 2004లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, నిలకడగానున్న 101 మంది రోగులలో కొందరికి స్టెంటు అమర్చిరి. కొందరిచే దినమునకు 20 నిమిషములు సైకిలు త్రొక్కించిరి. ఏడాదికి ఉపద్రవము లేక యున్నవారు వ్యాయామ వర్గమున నూటికి 88, స్టెంటు వర్గమున 70. సంఖ్య చిన్నది. దీనిని బట్టి స్టెంటు వలదనుట అవివేకము. గుండెపోటు వేళ మూసుకొన్న నాళమును తెరచుటయే ప్రాణరక్షణ.

ఉర్దూవారి కస్రత్ మనకు కసరత్తు అయినది. ఆ మాట వినగానే మల్లులు, గదలు తలపునకు వచ్చును గాని, ఇచ్చట కావలసినది మాటలాడుచు నడువగల నడక మాత్రమే. వైద్యుడు పరీక్షించి పరిమితి చెప్పిన పిమ్మటనే మొదలిడవలెను. ఛాతీనొప్పి, తల తిరుగుట, ఆయాసము తోచినచో వెంటనే ఆపవలెను. మానివేసినచో పొరకు కలిగిన మేలు కొలది వారములలోనే తగ్గిపోవును. కావున ఆసుపత్రి నుండి తండ్రిని ఇంటికి తెచ్చు విద్యార్థి, మందుల చీటీతో పాటు దినమునకు ఎన్ని నిమిషములు నడిపింపవలెనో కూడ వైద్యుని అడిగి వ్రాయించుకొనవలెను.