జెడ్‌ఎల్‌ఏఎస్ ఫైల్ తెరిచి మన చేను మెరక, పల్లం చూసుకోవడం ఎలా?

పై వీడియోలో కంప్యూటర్ మీద చేసి చూపించిన పనినే ఇక్కడ రాసి పెడుతున్నాను. వీడియో మాటిమాటికీ ఆపుకోకుండా దీన్ని పక్కన పెట్టుకుని చేసుకోవచ్చు.

ముందు ఈ గోల మనకెందుకో చెప్తాను. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ వైపు మన నేలలు సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. కంటికి బల్లపరుపుగా కనిపిస్తాయి గానీ, అరడుగు తేడా ఉన్నా నీళ్లు పోయే దారి మారిపోతుంది. వరి కోతకు ముందు చల్లిన మినుము పల్లంలో కుళ్లిపోతుంది, మెరకలో చక్కగా లేస్తుంది. ప్రకృతి సేద్యం చేసేవాళ్లకి ఇంకో బెంగ కూడా ఉంది. పక్క చేలో కలుపు మందు కొట్టిన నీళ్లు మన మడిలోకి దిగుతున్నాయా? మనం వేసిన ఘనజీవామృతం బోదెలోకి కొట్టుకుపోతోందా? ఏ గట్టు ఎత్తు చేయాలో, మురుగు ఎటు తీయాలో ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

మన రాష్ట్రంలో భూముల రీసర్వే 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైంది. అప్పటి నుంచి డ్రోన్ అంటే రైతుకి కొత్త కాదు. అయితే పైనుంచి తీసిన ఫొటోలో హద్దులు తెలుస్తాయి గానీ ఎత్తులు తెలియవు. భువన్‌లో ఉచితంగా దొరికే ఎత్తుల మ్యాపు కూడా మన డెల్టాకి చాలదు. అందులో ఒక్కో గడి 30 మీటర్లు, ఎత్తులో తప్పే మీటర్లలో ఉంటుంది. మనకి కావాల్సింది సెంటీమీటర్ల లెక్క. అందుకే కొందరు కలిసి డబ్బులేసుకుని లైడార్ సర్వే చేయిస్తున్నారు. తీరా చేతికొచ్చిన పెన్‌డ్రైవ్‌లో చివర జెడ్‌ఎల్‌ఏఎస్ అని ఉన్న ఫైల్ ఒకటి ఉంటుంది. క్లిక్ చేస్తే తెరుచుకోదు.

లైడార్ ఫైల్ అంటే లక్షల చుక్కల పట్టిక. ఒక్కో చుక్కకి తూర్పు కొలత, ఉత్తరం కొలత, ఎత్తు, అది నేలా చెట్టా అనే గుర్తు రాసి ఉంటాయి. దీనికి అందరూ వాడే పద్ధతి ఎల్‌ఏఎస్. అమెరికన్ సొసైటీ ఫర్ ఫొటోగ్రామెట్రీ అండ్ రిమోట్ సెన్సింగ్ 2003లో దీన్ని బహిరంగంగా ప్రకటించింది. ఏ బైట్‌లో ఏముందో ఎవరైనా చదువుకోవచ్చు. దాన్నే కుదించి దాచేది ఎల్‌ఏజెడ్. దాన్ని తయారుచేసిన మార్టిన్ ఐసెన్‌బర్గ్ అది ఎలా పనిచేస్తుందో కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేశారు. జెడ్‌ఎల్‌ఏఎస్ కూడా కుదించినదే, కాకపోతే ఎస్రీ అనే కంపెనీ సొంత పద్ధతి. లోపల ఎలా సర్దారో ఆ కంపెనీ బయటపెట్టలేదు. విత్తనం మనదే, గాదె తాళం మాత్రం ఇంకొకరి దగ్గర అన్నట్టు!

తాళం తీయడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. ఎస్రీ వాళ్లే ఈజెడ్‌ల్యాస్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉచితంగా ఇచ్చారు. విండోస్‌లో నడుస్తుంది, ఆర్క్‌జీఐఎస్ లైసెన్స్ అక్కర్లేదు. ఫైల్ చూపించి ఎల్‌ఏఎస్‌గా మార్చమంటే మారుస్తుంది. ఫైల్ పేరులో చివరి అక్షరాలు మనమే దిద్దేస్తే మాత్రం ఏమీ మారదు, బస్తా మీద లేబుల్ మార్చినట్టే. విప్పాక సైజు బాగా పెరుగుతుంది, కంగారు పడొద్దు. ఐదెకరాలంటే సుమారు 20 వేల చదరపు మీటర్లు. మీటరుకి 100 చుక్కలు, చుక్కకి 34 బైట్లు వేసుకుంటే దాదాపు 68 ఎంబీ.

ఇప్పుడు క్యూజీఐఎస్ తెరవండి, ఇదీ ఉచితమే. 3.32 గానీ ఆ తర్వాతది గానీ వేసుకోండి. ఎల్‌ఏఎస్ ఫైల్‌ని లాగి అందులో వదిలితే చుక్కలు కనిపిస్తాయి. వెంటనే కొలతలు చూడండి. యూటీఎం 44 ఉత్తర జోన్‌లో చల్లపల్లికి తూర్పు కొలత సుమారు 4.9 లక్షలు, ఉత్తరం కొలత సుమారు 17.8 లక్షలు రావాలి. అంతకు దూరంగా ఉంటే ఫైల్‌కి జోన్ తప్పు పెట్టారని అర్థం, సర్వే వాళ్లనే అడగండి.

ఎత్తు దగ్గర చాలామంది హడలిపోతారు. మైనస్ 70 మీటర్ల చుట్టూ ఏదో అంకె కనిపిస్తుంది. మన చేను సముద్రం అడుగునేం లేదండీ! జీపీఎస్ ఎత్తుని భూమి ఆకారానికి వేసుకున్న ఒక గణిత గోళం నుంచి కొలుస్తుంది. మన తీరంలో సముద్ర మట్టం ఆ గోళానికి 70 మీటర్లకు పైగా కింద ఉంటుంది. చేలో ఒక మూలకీ ఇంకో మూలకీ తేడా చూసుకోవడానికి దీంతో ఇబ్బంది లేదు, ఆ తేడా అలాగే ఉంటుంది. పోటు సమయంలో ఉప్పు నీరు డ్రెయిన్‌లో ఎంతవరకు ఎగదన్నుతుందో పోల్చాలంటే మాత్రం సముద్ర మట్టం లెక్కలోకి మార్చి ఇమ్మని అడగాలి.

తర్వాత ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ఎక్స్‌పోర్ట్ టు రాస్టర్ (ట్రయాంగ్యులేషన్ అని రాసి ఉన్నది) తీసుకుని, ఫిల్టర్‌లో క్లాసిఫికేషన్ 2 పెట్టండి. 2 అంటే నేల. చెట్లు, పంట పక్కకి పోతాయి. వచ్చిన రాస్టర్ మీద కాంటూర్ వేయండి. అక్కడ ఇంటర్వెల్ ముందే 10 అని ఉంటుంది, అంటే పది మీటర్లు. అలాగే వదిలేస్తే మన డెల్టాలో ఒక్క గీత కూడా రాకపోవచ్చు. 0.1 అని మార్చండి. పది సెంటీమీటర్లకో గీత వస్తుంది, మీ చేను అసలు రూపం అప్పుడు కనిపిస్తుంది.

ఒక్క మాట. వరి నిలబడి ఉండగా, నీళ్లు ఉండగా తీసిన సర్వేకి ఇది పనికిరాదు. మామూలు లైడార్ కాంతిని నీరు చాలావరకు మింగేస్తుంది, ఒత్తుగా ఉన్న పంటలో కిరణం నేల దాకా వెళ్లదు. మినుము తీశాక, ఎండకి చేను ఖాళీగా ఉన్నప్పుడు చేయించండి. వచ్చిన మ్యాపుని కూడా గుడ్డిగా నమ్మొద్దు. తాపీ మేస్త్రి వాడే ట్యూబ్ లెవెల్ తీసుకుని మూడు చోట్ల కొలిచి సరిచూడండి. రెండింటికీ రెండు మూడు సెంటీమీటర్లు తేడా వస్తే పర్వాలేదు. అరడుగు వస్తే గట్టు పని మొదలుపెట్టకండి.

సర్వేకి డబ్బు కట్టే ముందే కాగితం మీద రాయించుకోండి: ఎల్‌ఏఎస్ లేదా ఎల్‌ఏజెడ్ ఇవ్వాలి, నేల చుక్కలు వేరు చేసి ఇవ్వాలి, జోన్ ఏదో, ఎత్తు ఏ లెక్కలోదో రాసివ్వాలి. కొందరు ఆటోడెస్క్ రీక్యాప్ వాడి ఆర్‌సీపీ ఫైల్ ఒక్కటే ఇస్తారు. అందులో చుక్కలుండవు, పక్కనుండే ఆర్‌సీఎస్ ఫైళ్లకి దారి మాత్రమే ఉంటుంది. అవి లేకుండా అది ఖాళీ సంచే. ఫైల్ అక్కడే, వాళ్ల కంప్యూటర్ ముందే తెరిపించి, మీ చేను గట్టు కనిపించాకే మిగతా డబ్బు ఇవ్వండి.