చదవడానికి తడబడే బిడ్డకు ఏ పద్ధతి మంచిది?



ఒక ఆదివారం సండే స్కూల్లో పిల్లలు వరుసగా తలొక వచనం చదువుతున్నారు. మా బాబు వంతు రాగానే కడుపునొప్పి అన్నాడు. అప్పుడు వాడికి ఏడేళ్లు. నేను బద్ధకం అనుకుని కోప్పడ్డాను. ఆ రాత్రే స్టార్లు చూసి ఒక రీడింగ్ యాప్‌కు డబ్బు కట్టాను. మూడు నెలల్లో వాడు ఆటలో నాణేలు బాగా పోగేశాడు, చదువు మాత్రం అక్కడే ఉంది. ఆఫీసులో లోపం ఎక్కడుందో తెలియకుండా ఒక్క లైను కోడ్ కూడా మార్చను. నా బిడ్డ విషయంలో అదే పొరపాటు చేశాను. క్రోయిడన్‌లో మన కుటుంబాల్లో ఇంకెవరూ అలా చేయకూడదని ఇది రాస్తున్నాను.

1. ముందు తడబాటు ఎక్కడో చూడండి

చూపు, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత చదువును విడదీసి చూడండి. 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ ఐదు అంశాలు చెప్పింది: మాటలోని ధ్వనులను విడిగా గుర్తించడం, అక్షరాన్ని ధ్వనితో కలపడం (ఫోనిక్స్), ధారాళంగా చదవడం, పదసంపద, అర్థం చేసుకోవడం. ఒక బిడ్డ ధ్వనులే కలపలేడు. మరొకడు గడగడా చదివినా అర్థం చెప్పలేడు. ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు.

ఇంగ్లండ్‌లో ఇయర్ 1 పిల్లలకు జూన్‌లో ఫోనిక్స్ స్క్రీనింగ్ చెక్ ఉంటుంది. అందులోని 40 మాటల్లో సగం అర్థం లేనివి. బట్టీ పట్టి చెబుతున్నాడా, ధ్వనులు కలిపి చదువుతున్నాడా అన్నది అక్కడ తేలుతుంది. ఏ మాటల్లో తప్పాడో టీచర్‌ను అడగండి.

2. మన ఇంటి అలవాటు

తెలుగులో అక్షరం పేరే దాని ధ్వని. ఇంగ్లిష్‌లో అలా కాదు. 'ఎస్, ఐ, టి' అని ఎంత వేగంగా పలికినా 'సిట్' రాదు. బడిలో ధ్వనులు, ఇంట్లో పేర్లు చెబితే తడబడే బిడ్డ ఇంకా తికమకపడతాడు. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడటం మానకండి. రెండు భాషల వల్ల డిస్లెక్సియా రాదు.

3. పద్ధతిలో చూడవలసినవి

- ధ్వనులను తేలిక నుండి కష్టానికి, వరుస తప్పకుండా నేర్పుతుందా?
- చదవమని ఇచ్చే పుస్తకంలో నేర్చుకున్న ధ్వనులే ఉన్నాయా? బొమ్మ చూసి మాట ఊహించమంటే వదిలేయండి.
- చూసి, విని, పలికి, రాసి నేర్చుకునే వీలుందా?
- పాతది మళ్లీ మళ్లీ చేయిస్తుందా? ఎదుగుదల కొలుస్తుందా?

బడిలో ఏ ఫోనిక్స్ పద్ధతి వాడుతున్నారో అడిగి, ఇంట్లోనూ అదే వరుస పాటించండి. రెండు పడవల మీద కాళ్లు పెట్టించవద్దు.

4. బడితో కలిసి నడవండి

ప్రతి బడిలో ప్రత్యేక అవసరాల బాధ్యత చూసే టీచర్ ఉంటారు, సెన్‌కో అంటారు. 2015 నియమావళి ప్రకారం బడి నాలుగు పనులు చేయాలి: పరిశీలించడం, ప్రణాళిక వేయడం, అమలు చేయడం, తిరిగి చూడటం. దీనికి డిస్లెక్సియా సర్టిఫికెట్ అవసరం లేదు. ఆ సాయం చాలకపోతే ఈహెచ్‌సీ అసెస్‌మెంట్ కోసం తల్లిదండ్రులే కౌన్సిల్‌కు రాయవచ్చు. అసెస్‌మెంట్ చేసేదీ లేనిదీ కౌన్సిల్ 6 వారాల్లో చెప్పాలి.

ఇప్పుడు మా బాబుతో రోజూ 15 నిమిషాలు కూర్చుంటున్నాను. ఇంకా నెమ్మదిగానే చదువుతాడు. కానీ సండే స్కూల్ అక్క వచనాన్ని వారం ముందే ఇస్తున్నారు. మొన్న తన వంతు వచ్చినప్పుడు లేచి నిలబడి చదివాడు. మాట తడబడే మోషేకు దేవుడు అహరోనును తోడుగా ఇచ్చాడు కదా. మన పిల్లలకు కూడా కావలసింది తోడే.

ఆలోచించండి:
- బిడ్డ చదవనన్నప్పుడు నా నోట మొదట వచ్చే మాట ఏది?
- మన సండే స్కూల్లో బిగ్గరగా చదవలేని బిడ్డకు వేరే ఏ అవకాశం ఇస్తున్నాం?