రిమోట్ విమానం: నా మొదటి పాఠం

పోయిన ఆదివారం మన గ్రౌండులో సైన్సు సారు తెచ్చిన థర్మాకోల్ విమానం మొదట ఎగరేసింది నేనే, విరగ్గొట్టిందీ నేనే. ఎందుకు పడిందో రాస్తున్నాను.

గాలికి ఎదురుగా వదిలితే రెక్కల మీద గాలి వేగం పెరిగి త్వరగా లేస్తుంది. అంతవరకు బాగానే చేశాను. దూరంగా పోతున్నప్పుడు స్టిక్కు కుడికి నెడితే నా కుడికే తిరిగింది. మళ్లి నా వైపు వస్తుంటే మాత్రం నా కుడి దానికి ఎడమ! ఎడమ పక్కన చింతచెట్టు ఉంది కదా, తప్పిద్దామని కుడికి నెట్టాను. సరిగ్గా చెట్టులోకే పోయింది. అందరూ నవ్వారు, నాకైతే ఏడుపొచ్చింది.

సారు తిట్టలేదు, కిటుకు చెప్పారు. విమానం ఎదురొస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలితే స్టిక్కు ఆ వైపే నెట్టాలట. రెక్క లేచి సర్దుకుంటుంది.

రెక్క జిగురుతో అతికించాం. వార్డెన్ సార్, వచ్చే ఆదివారం కూడా పర్మిషన్ ఇవ్వండి సార్!